ఉలవకట్టు తాగిన సూక్ష్మజీవులు

ఎవరైనా ఖాళీ కడుపుతో ఉన్నారంటే సోమమ్మ ప్రాణం ఊరుకోదు. కుంట అనే ఊరి దగ్గర దోర్ల గిరిజనుల పల్లెలో పుట్టి, పెళ్ళయి గీదం ఊరు చేరిన మనిషి. ముగ్గురు పిల్లలకు, వాడలో ఎందరో బాలింతలకు వండిపెట్టిన చెయ్యి ఆమెది. మూడేళ్ళుగా ఆ చెయ్యి కంటికి కనబడని వాటికి కూడా వండుతోంది.

గీదం శివార్లలో మహిళా సమూహం నడిపే చిన్న షెడ్డు ఉంది. గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే అజటోబాక్టర్ అనే సూక్ష్మజీవిని అక్కడ డ్రమ్ముల్లో పెంచి, ద్రవ ఎరువుగా రైతులకు ఇస్తారు. దాని తిండల్లా ఇప్పపువ్వు మరిగించిన తీపి నీళ్ళు, చిటికెడు లవణాలు. మరిగించి చల్లార్చడం సోమమ్మ వంతు. పరీక్షలు చేసేది కిషోర్. బచేలి గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన శ్రీకాకుళం వాళ్ళబ్బాయి, చదువెక్కువ, కోపం తక్కువ.

ఈ ఏడు వానలు తొందరపడ్డాయి. పది రోజుల్లో సరుకు ఇవ్వకపోతే ఎరువు వేరేచోట కొనుక్కుంటామని జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. అదే జరిగితే షెడ్డు మూతపడుతుంది, తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఇంటిదారి పట్టాలి. సూక్ష్మజీవులు పెరిగితే చిక్కబడాల్సిన నీళ్ళు డ్రమ్ములో ఇంకా పలచగానే ఉన్నాయి.

"ఒట్టి తీపినీళ్ళతోటి ఏం బలమొస్తది? బాలింతకు గిట్లనే పెడతమా?" అని సోమమ్మ తనలో తాను గొణుక్కుంది. వాళ్ళ వైపు బాలింతకు ఉలవకట్టు పట్టందే మంచం దిగనివ్వరు. ఎవరినీ అడగలేదు. మొలకెత్తిన ఉలవలు ఉడికించి, వార్చిన కట్టును ఇప్పపువ్వు నీళ్ళలో కలిపి, బాగా మరిగించి చల్లార్చి డ్రమ్ములో పోసింది.

రెండో రోజుకు డ్రమ్ము గంజిలా చిక్కబడింది. సూక్ష్మదర్శినిలో చూసిన కిషోర్ నోరు వెళ్ళబెట్టాడు. సూక్ష్మజీవులు మొన్నటికి పదింతలున్నాయి! ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. సీసాకు బిరడా బిగించి చేసే పరీక్షలో నత్రజని పడుతున్న జాడే లేదు.

"ఏం కలిపేవక్కా?"

సోమమ్మ దాచలేదు. కిషోర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఉలవలు మొలకెత్తితే వాటిలో మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలవుతాయక్కా. అంటే వండి వడ్డించిన నత్రజనే. గాలిలోంచి పట్టడం వీటికి చచ్చేంత చాకిరీ. నోటి దగ్గరికే వస్తంటే ఎందుకు చేస్తాయి? తిని పెరిగేయి, పని మానేసేయి."

కడుపు నిండిన బేరమన్నమాట! జాలిపడి తొమ్మిదిమంది నోటికాడి కూడు తీసేశానని సోమమ్మ కుమిలిపోయింది. ఆ దుఃఖంలోనే ఆశ్చర్యం కూడా ఆగలేదు. కళ్ళు లేవు, నోరు లేదు, సూదిమొన మీద వేలకు వేలు పట్టేంత ప్రాణి. గిన్నెలో ఏముందో దానికెలా తెలిసింది?

"మరి కట్టు ఒడిసిపోతే ఏం జేస్తయి సారూ?"

కిషోర్ తలెత్తి ఆమెను చూశాడు. "అయిపోతే... మళ్ళీ గాలి మీద పడాలి."

"అయితే ఒడవనియ్యి."

చిక్కటి సరుకును పెద్ద డ్రమ్ముల్లోకి పంచి, నిండా ఇప్పపువ్వు నీళ్ళే పోశారు. ఇక సోమమ్మ కష్టాలు చూడాలి! ఆకలి చూడలేని మనిషి ఆకలి కోసం కాపలా కాసింది. ఒకసారి ఉలవల గిన్నె చేతిలోకి తీసుకుని, మళ్ళీ అటక మీద పెట్టేసింది. మూడు రోజులు ఆమెకూ ముద్ద సరిగా దిగలేదు.

నాలుగో రోజు పరీక్ష చేసి కిషోర్ కాగితం చేతిలో పెట్టాడు. దాని మీది అంకెలు ఆమెకు తెలియలేదు, అతని మొహం తెలిసింది.

"పడతన్నాయక్కా! అంత మందీ పనిలోకి దిగేయి. ఒట్టి తీపినీళ్ళతో మొదలెడితే ఇంకో పక్షం పట్టేది."

బయట ఆడవాళ్ళు సీసాలు కడగడానికి పరుగెత్తారు. సోమమ్మ కదల్లేదు. వెచ్చగా ఉన్న డ్రమ్ముకు రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"నీ కడుపు మాడ్చిన గద తల్లీ, తప్పుగ అనుకోకు," అంది.