బస్సు కన్నా ముందు హారన్

మొన్న మా అమ్మాయి టీవీలో ఏదో థ్రిల్లర్ పెట్టుకుని, మొదటి రెండు నిమిషాలకే దిండు గట్టిగా పట్టుకుంది. తెర మీద చూస్తే ఖాళీ వరండా, తిరుగుతున్న ఫ్యాను, ఎవరివో అడుగుల చప్పుడు, అంతే. నాకు మాత్రం నవ్వొచ్చింది, వనపర్తిలో మా వదిన గుర్తొచ్చి.

రెండు వేల సంవత్సరం తర్వాతి రోజులవి. అన్న పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. వదిన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, తీసిన ముక్కలు కత్తిరించి అతికి మిక్సింగ్ చేసేది. అప్పట్లో ఏ పెళ్లి సీడీ అయినా గులాబీలు రాలడంతో మొదలై, హృదయం గుర్తులో వధూవరుల ముఖాలతో సాగేది. ఒకసారి వీపనగండ్లలో పెళ్లికి గద్వాల నుంచి రావాల్సిన మగపెళ్లివారి బస్సు పెబ్బేరు దగ్గర టైరు పగిలి ఆగిపోయింది. ముహూర్తం దగ్గరపడుతోంది, వరుడు లేడు. ఏం చేయాలో తోచక అన్న గంటసేపు కనిపించిందల్లా తీశాడు. కాసేపు అలసిపోయి కింద కూర్చుని తీశాడేమో, ఆ ముక్కలో అటూ ఇటూ నడిచే కాళ్లే తప్ప ముఖాలు లేవు.

"ఖాళీ రోడ్డు, కాళ్లు. అదంత తీసెయ్," అన్నాడు అన్న.

వదిన తీసేయలేదు. దాన్నే మూడు నిమిషాలు చేసి సీడీకి మొదట్లో పెట్టింది. ముందు ఎండలో ఊరికే రోడ్డు, విసుగొచ్చేంత సేపు. తర్వాత ఆ కాళ్లు. కండువా కొస మెలిపెడుతున్న పెళ్లికూతురి తండ్రి చేతులు, పురోహితుడి గడియారం, ఎసరు మీద ఎగిరెగిరి పడే మూత. ఒక్కో ముక్కా ముందుదానికన్నా పొట్టిది. పాట లేదు, సన్నాయి కూడా తీసేసి మూత చప్పుడు ఒక్కటే ఉంచింది. చివరికి రోడ్డు ఇంకా ఖాళీగా ఉండగానే ఎక్కడో దూరంగా హారన్.

"బస్సు ఏది వదినా?" అన్నాను.

"సప్పుడు ముందు రావాలె, బస్సు తర్వాత. కండ్లకు జర ఆలస్యంగ చూపెట్టాలె, అప్పుడే పానం కొట్టుకుంటది."

అన్నకు భయం పట్టుకుంది. "ఆలస్యమైందని మగపెళ్లోల్లకు ఇప్పటికే నామోషీగ ఉంది. గిది చూసి కోపమొస్తే ఇంక మనల్ని ఏ పెళ్లికి పిలుస్తరు?" వదిన ఆ సీడీనే పట్టుకుని వీపనగండ్లకు బయల్దేరేటప్పుడు నన్నూ తోడు రమ్మంది.

కొత్త అల్లుడూ అతని తండ్రీ పెళ్లికూతురి ఇంటికి వచ్చిన రోజది. అందరూ టీవీ ముందు చేరారు. గులాబీలు రాలకపోయేసరికి ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. రెండో నిమిషానికి అందరూ టీవీకి ఇంకా దగ్గరగా జరిగారు. పెళ్లయి నెల దాటింది, అల్లుడు పక్కనే కుర్చీలో ఉన్నాడు. అయినా హారన్ వినపడగానే పెళ్లికూతురి తండ్రి లేచి గుమ్మం దాకా వెళ్లి వీధిలోకి తొంగిచూశాడు.

"మామా, నేను ఈడనే ఉన్న," అన్నాడు అల్లుడు.

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఒక్క వరుడి తండ్రి మాత్రం నవ్వలేదు. వదిన నా చేయి పట్టుకుంది. ఆయన గొంతు సవరించుకుని, "బిడ్డా, మొదటికెల్లి మల్లొక్కసారి వెయ్యి. మేము గింతమందిని పరేషాన్ చేసినమని నాకు తెల్వనే తెల్వదు," అన్నాడు. ఈసారి ఆయనే అందరికన్నా ముందు నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఆ మూడు నిమిషాలు నాలుగుసార్లు చూశాం.

ఆ దంపతుల కూతురు ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతోంది. ఎదురుచూసిన గంటలే పొడుగ్గా గుర్తుంటాయి. వచ్చినవాళ్లతో కలిసి బతికిన ఏళ్లు ఎప్పుడు గడిచాయో తెలియనే తెలియదు.