గోడ పక్క ఖాళీ నేల

కరీంనగర్‌లో ఈ సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించగానే మైనం వాసనతో పాటు ఎవరో వచ్చి నా వెనుక నిలబడినట్టనిపించింది. తిరిగి చూడలేదు. ఆ వాసనకు నాకు అన్నమ్మత్త గుర్తొస్తుంది.

మంచిర్యాలలో ఆమెది మా పక్కిల్లు. వాళ్లు కథోలికులు. పదో తరగతితో ఆగిన నా చదువును గ్రంథాలయం ముందుకు నడిపింది. ఆ గర్వంతోనే, చదువు రాని అత్తకు రోజూ పేపరు వినిపించేదాన్ని. ఎక్కడో బాంబు పడిందనో, ఎవరినో నరికారనో చదివితే ఆమె జపమాల తీసేది. నవంబరులో, ఆత్మల పండుగనాడు, సమాధుల తోటలో ఎవరి సమాధుల మీద వాళ్లు కొవ్వొత్తులు పెట్టుకునేవాళ్లు. అత్త తన కొడుకు జోసెఫ్ సమాధి మీద ఒకటి పెట్టి, మిగిలినవన్నీ గోడ పక్క ఖాళీ నేలలో ఆ పేపరులోని మృతుల కోసం పెట్టేది.

"గీ పోరి సదువుతోని మా ఇల్లు కొవ్వొత్తుల దుకాణమైంది" అనేవాడు ఆమె భర్త, ఇన్నయ్య మామ.

"ఎక్కడనో సచ్చినోళ్లు నీకేమైతరత్తా?" అన్నాను ఒకసారి.

"సచ్చినంక దూరమేంది బిడ్డా. దీపం కనవడ్డ కాడికి వస్తరు."

జోసెఫ్‌ను బస్టాండు దగ్గర పొడిచి చంపినవాడి పేరు మల్లేశ్. ఒక ఏడాది ఆత్మల పండుగకు ముందు, అతను జైలులో చనిపోయాడన్న వార్త పేపరులో కనబడి చదవడం ఆపేశాను.

"ఎందుకాగినవే? సదువు."

చదివాను. ఆమె జపమాల తీయలేదు.

"వానికి గిన దీపం పెట్టినవనుకో, మల్ల నా ఇంట్లకు రాకు" అన్నాడు మామ.

పండుగ సాయంత్రం ఆమె గోడ పక్కన కూర్చుంది. ఆకు కదలడం లేదు. అయినా గీసిన అగ్గిపుల్ల గీసినట్టే ఆరిపోతోంది.

"గాలి లేదు కదత్తా?"

"గాలి కాదు. వాని పేరు నా నోట్లెకెళ్లి వస్తలేదు."

మరో పుల్ల గీస్తూ, "మల్లేశ్" అంది. ఈసారి పుల్ల ఆరకుండా నిలిచింది. వెనక్కి చూశాను. జోసెఫ్ సమాధి మీది మంట గోడవైపు వంగి ఉంది. వంకర వత్తి వల్ల అలా జరగవచ్చని తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఒళ్లు జలదరించడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

మామ సమాధుల తోట గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు. "చీకటైంది, నడువుండ్రి" అన్నాడు. ఇంటి తలుపు ఆయనే తీశాడు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఈరోజు వార్తల్లో ఒక బడి మీద బాంబు పడింది. పిల్లల కోసం ఒకటి వెలిగించాను. రెండోది, ఆ బాంబు వేసినవాడి కోసం తీసినది, చేతిలోనే ఉంది. పేరు తెలియని వాడిని ఏమని పిలవాలో అత్తను అడగలేదు. అగ్గిపుల్ల ఆరిపోయింది. మరొకటి తీశాను.