ఐదు గంటల ఏడుపు పాళీ

నేను ఒకసారి చచ్చిపోయాను. సూరత్ ఉధ్నాలో, మా ఇంటి వంటగదిలో, అల్లం చాయ్ తాగుతూ చచ్చిపోయాను. నమ్మకపోతే మా బావమరిది శంకర్‌ని అడగండి. ఊరవతల కామ్‌రేజ్‌లో ఉంటాడు. కబురు తెలియగానే పాపం మైల స్నానం కూడా చేసేశాడు. కరోనా రోజులే గానీ, నన్ను చంపింది కరోనా కాదు, నా అతితెలివి. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు నర్సయ్య. సిరిసిల్ల దగ్గరి ఊరు. సూరత్‌కి వచ్చి పదిహేనేళ్లు. సాంచాల కార్ఖానాలో మాస్టర్‌ని. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఒక్క షెడ్డులో అరవై సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే, పక్కవాడికి మాట చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే నా ఖర్మ.

లాక్‌డౌన్‌తో సాంచాలు ఆగిపోయాయి, నేను ఇంట్లో పడ్డాను. రెండు గదుల ఇల్లు, నేను, నా భార్య సుగుణ, ఏడేళ్ల వర్షి. అంతకుముందు పన్నెండు గంటల పాళీ. డ్యూటీని ఇక్కడ పాళీ అంటారు. నేను వెళ్లేటప్పటికి పిల్ల లేవదు, వచ్చేటప్పటికి పడుకుంటుంది. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉన్నాను కదా, నా బిడ్డ నా మెడ చుట్టూ వేలాడుతుందని సంబరపడ్డాను.

వేలాడలేదు సరికదా, నన్ను చూస్తే ఏడుపు. అన్నం తినమంటే ఏడుపు. బడి పాఠం ఫోన్‌లో వస్తోంది, కూర్చోమంటే ఏడుపు. "ఇటు రా బిడ్డా" అని ముద్దుగా పిలిస్తే, వెళ్లి బియ్యం డ్రమ్ము వెనక నక్కేది. ఒకరోజు సంచిలో రెండు గౌన్లు కుక్కుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏడికే?"

"కామ్‌రేజ్. మామ దగ్గరికి పోత. ఇక్కడ ఉండ."

ఎవరి కోసం పదిహేనేళ్లు ఆ దుమ్ములో, ఆ రొదలో నిలబడ్డాను?

"పిల్లకు ఏమైందే?" అన్నాను సుగుణతో.

"ఏమైతది? నువ్వు ఇంట్ల ఉంటున్నవ్. గదే అయింది," అంది ఉల్లిగడ్డ పొట్టు తీస్తూ.

ఇంత విడమరిచి చెప్పిన మాట కూడా నా బుర్రకెక్కలేదంటే, ఆ బుర్ర ఎలాంటిదో మీరే ఆలోచించుకోండి.

అడాజన్‌లో మన తెలుగు డాక్టరమ్మ ఒకావిడ ఉంది. మనవాళ్లు ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడుతుంది. ఆవిడకి ఫోన్ కొట్టాను.

"డాక్టరమ్మా! నేను ఉధ్నా నర్సయ్యను! పిల్ల ఒక్కతీరుగ ఏడుస్తున్నది! ఏదన్న గోళి రాయుండ్రి!"

"నర్సయ్యగారూ, ముందు మీరు కాస్త మెల్లగా మాట్లాడండి. గోళీలు వద్దు. ఇంట్లో మూసేసినట్టుంటే పిల్లలకి దిగులుగా ఉంటుంది. ఏడుపు ఆపమనకండి, ఏడవనివ్వండి. రోజూ కాసేపు తన పక్కన కూర్చోండి. అది కోపమా, భయమా, దిగులా, దానికి పేరు పెట్టి చెప్పడం నేర్పండి. చెప్పుకుంటే పిల్లలు తేలికపడతారు. మీరు వినండి, చాలు."

బంగారం లాంటి మాట. దాన్ని అలాగే చేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ నేను మాస్టర్‌ని! చెడిపోయిన సాంచాని పానాతో సరిచేసే మొనగాణ్ణి. పక్కన ఊరికే కూర్చుని వినడం కూడా ఒక పనేనా?

మర్నాడు చాక్‌పీసు పట్టుకుని మేడ మీదికెక్కాను. నేల మీద నాలుగు గడులు గీసి, ఒక్కోదాంట్లో పేరు రాశాను. కోపం, భయం, దిగులు, రోషం. సాయంత్రం ఐదు నుంచి ఐదుంపావు దాకా ఏడుపు పాళీ. ఆ పావుగంట ఎంతైనా ఏడవచ్చు. మిగతా రోజంతా సెలవు.

వర్షిని తీసుకొచ్చి నిలబెట్టాను. "ఏ గడిల నిలవడ్తవో నిలవడు!"

పిల్ల నాలుగు గడులూ చూసింది, నన్ను చూసింది, వెళ్లి భయం గడిలో నిలబడింది.

"భయమా? దేనికే? కరోనాకా? నేను ఇంత మనిషిని ఇక్కడ ఉండంగ నీకు భయమేందే!"

వర్షి రెట్టింపు ఏడ్చింది. చూశారా, పద్ధతి పనిచేస్తోందని మీసం దువ్వుకున్నాను.

రెండో రోజుకి బిల్డింగ్‌లోని మిగతా పిల్లలు పైకి తొంగిచూశారు. ఇళ్లలో మగ్గిపోతున్న పిల్లలకి సినిమా లేదు, పార్కు లేదు, ఏడుపైనా దొరికింది. నాలుగో రోజుకి పదకొండు మంది. దూరం దూరంగా గుండ్రాలు గీసి నిలబెట్టాను. సరిగ్గా ఐదింటికి నేను చెయ్యెత్తి "షురూ!" అనేవాణ్ణి. పదకొండు గొంతులు ఒక్కసారి అందుకునేవి. మా ఇంటి ఓనరు హంసాబెన్ మనవడైతే నవ్వుతూ ఏడ్చేవాడు. వాణ్ణి రెండుసార్లు మందలించాను, "పని మీద ధ్యానం పెట్టు!" అని.

అయిదో రోజు పొద్దున లేచేసరికి నా గొంతు పోయింది. "షురూ" అనీ అనీ బొంగురుపోయి, గాలి తప్ప మాట రావడం లేదు. సుగుణ ఉప్పునీళ్లు పుక్కిలించమంది. "ఇయ్యాల నోరు మూసుకోని ఉండు, జర పుణ్యముంటది," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో అంత సంతోషం ఎందుకో నాకు అర్థం కాలేదు.

కానీ ఆ రోజు ఒక వింత జరిగింది. నేను గోడకానుకుని కూర్చుంటే, వర్షి డ్రమ్ము వెనక నుంచి మెల్లగా వచ్చింది. నా పక్కన చతికిలపడి, పాత కాలెండరు వెనక బొమ్మలేసింది. ఒక సాంచా, దాని పక్కన మీసాలున్న మనిషి. నా భుజానికి తల ఆనించి, ఆ మీసాలకి రంగేసింది. నా కళ్లు చెమర్చాయి. ఏడుపు పాళీ గెలిచిందనుకున్నాను. డాక్టరమ్మకి చెప్పి మిగతా కార్ఖానా ఇళ్లలోనూ పెట్టించాలని పథకం కూడా వేశాను. గొంతు ఉంటే అప్పుడే ఫోన్ చేసేవాణ్ణి.

సాయంత్రం ఐదైంది. గొంతు లేదు కదా, సుగుణని పైకి పంపాను. ఆమె ఊరికే కూర్చోలేక కూరకి ఉల్లిగడ్డలు, కత్తి పట్టుకెళ్లింది. నేను వంటగదిలో అల్లం చాయ్ పెట్టుకున్నాను.

ఇప్పుడు మీరు పక్క బిల్డింగ్ మేడ మీద నిలబడ్డారనుకోండి. ఏం కనిపిస్తుంది? పదకొండు మంది పిల్లలు గుండెలవిసేలా ఏడుస్తున్నారు. సుగుణ ఒక మూల కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నర్సయ్య కనబడడు. పొద్దుటి నుంచి వినబడడు. నిన్న సాయంత్రం వాడి గొంతు బొంగురుగా ఉంది. అది కరోనా కాలం. ఇంకేం కావాలి?

పది నిమిషాల్లో సుగుణ ఫోన్ మోగింది. వంటగది గట్టు మీదే ఉంది. ఎత్తాను. అవతల శంకర్, భోరుమంటున్నాడు.

"అక్కా! బావ ఎప్పుడు పోయిండే? పక్క బిల్డింగోళ్లు ఫోన్ జేసి చెప్తే దెలిసింది! నేను తానం గూడ జేసిన! ఒక్క మాటన్న చెప్పకపోతివి!"

"నేనేరా... బావను..." అన్నాను. గాలి, గరగర తప్ప ఏమీ రాలేదు.

"ఎవరూ?"

"బావను..."

"అమ్మో!" అన్నాడు శంకర్. ఫోన్ కిందపడిన చప్పుడు.

నేను ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాను, మెట్ల మీద బూట్ల చప్పుడు. తల నుంచి కాలి దాకా తెల్ల కిట్లు వేసుకున్న ఇద్దరు కార్పొరేషన్ వాళ్లు, మందు కొట్టే డబ్బాతో. వాళ్ల వెనక హంసాబెన్, ముక్కుకి చీరకొంగు మూడు మడతలు వేసుకుని.

"బాడీ కహాఁ హై?" అన్నాడు ముందున్న కిట్టు.

నేను చాయ్ గ్లాసుతో నా ఛాతీ మీద తట్టుకున్నాను. "మై హీ హూఁ సాబ్," అన్నాను గాలితోనే.

కిట్టు నన్ను ఎగాదిగా చూశాడు. "జిందా హో?"

తలూపాను. ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

"ఫిర్ ఊపర్ ఇత్నే బచ్చే క్యోం రో రహే హై?"

ఏం చెప్పను? రోజూ ఐదింటికి నేనే ఏడిపిస్తానని చెప్పనా? సైగ చేసి వాళ్లని మేడ మీదికి తీసుకెళ్లాను. పిల్లలు కిట్లని చూసి ఏడుపు మానేశారు. కిట్టు మంచివాడు. గడులు చూశాడు, పేర్లేమిటని సుగుణని అడిగి తెలుసుకున్నాడు, వర్షి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బేటా, తుమ్ రోజ్ కిస్ మే ఖడీ హోతీ హో?"

వర్షి భయం గడి చూపించింది.

"కిస్ కా డర్ హై?"

వర్షి చెయ్యెత్తి నన్ను చూపించింది.

"బాపు దిన్ భర్ చిల్లాతే హై. ఆజ్ నహీ చిల్లాయే. ఆజ్ అచ్ఛా లగా." నేను రోజంతా అరుస్తానట, ఇవాళ అరవలేదట, ఇవాళ బాగుందట.

"నేను అరుస్తున్ననా?!"

పొద్దుటి నుంచి పోయిన గొంతు అప్పుడే తిరిగి రావాలా! వాటర్ ట్యాంకు మీది పావురాలన్నీ లేచిపోయాయి. కిట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. బతికే ఉన్నాడని మెట్ల మీద నుంచి హంసాబెన్ గుజరాతీలో కేక పెట్టింది. "జీవే ఛే! నర్సుభాయ్ జీవే ఛే!" పక్క మేడ మీద ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను ఎక్కడున్నవాణ్ణి అక్కడే కూలబడ్డాను. చూసుకుంటే అది భయం గడి. పదిహేనేళ్లు అరవై సాంచాల మీదుగా అరిచాను. సాంచాలు ఆగిపోయినా నా నోరు ఆగలేదు. "ఇటు రా బిడ్డా" అని నేను ముద్దుగా అన్నదంతా ఆ చిన్న చెవుల్లో ఉరుములా పడింది. పిల్ల మొదటి రోజే గడిలో నిలబడి చెప్పింది. డాక్టరమ్మ చెప్పింది, సుగుణ చెప్పింది. వినమన్న ఒక్క పనీ చేయకుండా అన్నీ చేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

వర్షి వచ్చి నా ముందు నిలబడింది. ఆ క్షణమే తూర్పు తిరిగి, కుడిచేయి పైకెత్తి, కిట్ల సాక్షిగా, పావురాల సాక్షిగా ఒట్టేశాను.

"ఇగ ఈ జన్మల ఎవ్వరి ఏడుపుకూ పాళీ పెట్ట! ఇంట్ల గొంతు లేపనంటే లేప!"

"వినవడ్డదన్నా!" అన్నారు పక్క మేడవాళ్లు.

"బాపూ," అంది వర్షి, చెవులు మూసుకుని. "ఒట్టు గూడ మెల్లగ వెయ్యి."

వేశాను. దాని చెవి దగ్గరికి వంగి, గుసగుసగా, మొదటి నుంచి చివరి దాకా మళ్లీ వేశాను. ఆ మాట మీదే ఇప్పటికీ ఉన్నాను.

రెండు రోజులు తిరిగేసరికి మళ్లీ ఫోన్ మోగింది. శంకర్. సుగుణ స్పీకర్ పెట్టింది.

"అక్కా, జర నిజం చెప్పు. పక్క బిల్డింగోళ్లు మళ్ల ఫోన్ జేసిండ్రు. రెండు దినాల సంది బావ గొంతు వినవడ్తలేదట. నేను తానం జెయ్యాల్నా వద్దా?"

"ఉన్నడురా, సక్కగున్నడు," అంది సుగుణ.

నేనున్నానని ఒక్క కేక వేస్తే కామ్‌రేజ్‌కి ఫోన్ లేకుండానే వినిపించేది. వేయలేదు. వర్షి నా ఒళ్లో నిద్రపోతోంది.