చింతపండుతో తోమిన చేతులు

ముప్పై ఏళ్లుగా వాకాడు చుట్టుపక్కల చేపల గంప మోస్తోంది మాలకొండమ్మ. బేరంలో ఆమె నోటికి ఎదురు నిలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషి నెల్లూరు ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల గది ముందు, పది రోజులుగా నోరు మెదపకుండా కూర్చుంది.

లోపల గాజుపెట్టెలో మనవరాలుంది. కోడలు బిందుకు ఏడో నెలలోనే కాన్పయింది. పిల్ల కిలోంబావు తూగిందన్నారు. కిలోంబావంటే ఎంతో మాలకొండమ్మ చేతులకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట వినగానే బావురుమంది.

కబురందిన రోజు గంప ఎవరికో అప్పజెప్పి, ఉన్నపళంగా బస్సెక్కి వచ్చేసింది. తలుపు దగ్గర వాచ్‌మన్ లాజరస్ ముక్కు మూసుకుని, "నువ్వు పోకూడదమ్మా, పక్కకి రా" అన్నాడు. నీచు వాసనకే ఆపినాడనుకుంది. ఎందుకని అడిగితే పోయేది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆ రోజునుంచి చేప ముట్టలేదు. పొద్దున్నే ఆసుపత్రి కుళాయి దగ్గర చింతపండూ ఉప్పూ వేసి, కొబ్బరిపీచుతో చేతులు తోముకునేది. ఎంత తోమినా వాసన వస్తూనే ఉన్నట్టుండేది.

పదకొండో రోజు బిందుకు జ్వరమొచ్చింది. నర్సు వనజాక్షి బయటికొచ్చింది.

"అవ్వా, పాపను వెచ్చగా గుండెకానించుకోవాలి. తల్లికా జ్వరం, తండ్రేమో పోర్టు డ్యూటీలో ఉండాడు. డాక్టరమ్మ నిన్ను రమ్మనింది."

మాలకొండమ్మ గబుక్కున లేచింది. చేతులు కడిగించబోయి నర్సు ఆగిపోయింది.

"ఇదేందవ్వా, చేతులన్నీ పుండ్లు?"

"నీచు పోతేనే లోపలికి రానిస్తారని తోమినాను తల్లీ."

"నీచుకెవరాపినారు నిన్ను? అమ్మానాన్నలు తప్ప ఎవురూ రాకూడదని అందరికీ ఉండే రూలే గదా! సబ్బుతో కడుక్కుంటే చాలు. ఈ పుండ్లతో మాత్రం పాప దగ్గరికి రానియ్యరు."

కొడుకు వినోద్ కృష్ణపట్నం నుంచి కంపెనీ బండిలో వచ్చేదాకా పిల్ల పెట్టెలోనే ఉంది. ఆ రెండు గంటలూ మాలకొండమ్మ తన చేతుల్ని తానే తిట్టుకుంది.

నర్సు ఇచ్చిన మందు రాస్తే వారానికి పుండ్లు మానాయి. ఈలోగా బిందు జ్వరమూ తగ్గింది, తల్లే లోపలికి పోతోంది. ఇక అవ్వతో పనిలేదు. కోడలు కోలుకున్నందుకు మాలకొండమ్మ సంతోషించింది. అదొక్కటే అంటే అబద్ధమవుతుంది.

ఆ సాయంత్రం బిందు బయటికి రాగానే దగ్గరికి పిలిచింది.

"పాప మొకం ఏ పక్క ఆనింది?"

బిందు ఎడమ భుజం మీది పైట చూపించింది. మాలకొండమ్మ ఆ కొంగు ముక్కుకు ఆనించుకుంది. ముందు మందుల వాసన. దాని అడుగున సన్నగా పాల వాసన. నిన్నటి చేపేదో ఇవాళ్టిదేదో వాసనతోనే చెప్పగల మనిషి, కళ్లు మూసుకుని ఆ కొంగును చాలాసేపు వదల్లేదు.