చంపింది ఎవరు?

కెనడాలోని విన్నిపెగ్ మంచు హాకీ స్టేడియంలో వెర్నా పావ్‌లుక్ ఒళ్లో ఎప్పుడూ ఓ డిటెక్టివ్ నవల ఉంటుంది. విరామం రాగానే చేతి ఉన్ని తొడుగును పళ్లతో లాగేసి, వేలు తడిచేసుకుని పేజీ తిప్పుతుంది. చుట్టుపక్కల సీట్లవాళ్లు ఆమె బాగుందన్న పుస్తకమే చదువుతారు. ఓసారి కథ మంచి పట్టులో ఉండగా, వెనక సీటు రసెల్ వంగి, "చంపింది డాక్టరే!" అని పకపకా నవ్వాడు. వెర్నా పుస్తకం మూసేసింది.

ఫైనల్ రోజున రసెల్‌కి డ్యూటీ పడింది. టీవీలో ఆట రికార్డు పెట్టుకుని, ఎవరి మాటా చెవిన పడకుండా టోపీ కిందికి లాక్కుని మర్నాడు ఇల్లు చేరాడు. అతని గుమ్మంలో వెర్నా నిలబడి ఉంది.

"వద్దు వెర్నా! నీకు దణ్ణం పెడతా, చెప్పకు!"

"మూడు, రెండు. ఆఖరి నిమిషంలో మనమే ఓడాం," అంది ఆమె తాపీగా.

ఆ ఓటమికి ఏడ్చి ఏడ్చి వాచిన ఆమె కళ్లు, రసెల్ ముఖం చూడగానే మెరిశాయి.