అన్న రుచి చూడని వైన్

నేను బడికి పోలేదు. కామారెడ్డికి కాపురానికి రాకముందు ఎల్లారెడ్డిలో నన్ను కన్న అవ్వ పక్కన కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. అన్న బడి నుంచి వచ్చి ఆ రోజు నేర్చుకున్నదంతా నాకు మళ్లీ చెప్పేవాడు. చాటలో తంబాకు పొడిని పలుచగా పరిచి, దాని మీద వేలితో అక్షరాలు దిద్దించాడు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది రాజన్న దేవుడి దయ, ఆ తర్వాత అన్న దయ.

తన పెళ్లయిన కొన్నేళ్లకు అన్న దుబాయిలో ఒక పెద్ద హోటల్లో వడ్డించే పనికి కుదిరాడు. బాపు తాగి తాగి పోయిన ఇల్లు మాది. అందుకని వెళ్లేనాడు అవ్వ దేవుడి గూటి ముందు అన్న చేయి పట్టుకుని మాట తీసుకుంది.

"మళ్ల ఇల్లు చేరేదాక చుక్క ముట్టనవ్వ" అన్నాడు.

రెండేళ్లకు సెలవు వచ్చినా రాలేదు. క్రిస్మస్ విందుల్లో ఏ మిఠాయి పక్కన ఏ వైన్ పోయాలో తడుముకోకుండా చెప్పినవాళ్లకే పెద్ద బల్లలు అప్పగిస్తారట. అది నేర్చుకుని, ఆ పండుగ చేసి వస్తానన్నాడు. తోటివాళ్లు ఒక్కో గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి ఊసి నేర్చుకునేవారు. అన్న అదీ చేయలేదు. వాసన చూసి బట్టీ పడతానని పెద్దసారును బతిమాలుకున్నాడు. బట్టీ పట్టించే పని నాకు పడింది.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. తను చెబుతుంటే నేను నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. మరుసటి వారం నేను అడగాలి, తను చెప్పాలి. క్రిస్మస్ పుడ్డింగ్ అంటే ఎండుద్రాక్ష, మసాలాలు వేసి ఆవిరి మీద గంటల తరబడి ఉడికించే నల్లటి ముద్ద, దానికి పోర్ట్ అనే తీపి వైన్. మిన్స్ పై అంటే మన గరిజె లాంటిదే, కజ్జికాయ అంటారే అది, లోపల కొబ్బరికి బదులు పండ్ల కూరు ఉంటుంది, దానికి తీపి షెర్రీ వైన్. ఈ రెండూ తారుమారు చేసేవాడు. "ఏంది, మళ్ల తప్పేనా? చాటల దిద్దిపిస్త సూడు" అంటే పగలబడి నవ్వేవాడు.

అన్నిటికీ మూలం ఒకటే అని చెప్పేవాడు. సీసాలోని తీపి పళ్లెంలోని తీపిని మించాలి. లేకుంటే వైన్ నోట్లో పుల్లగా విరిగిపోతుందట. "జిలేబి తిన్నంక చాయ్ చప్పగుండదా చెల్లె, గట్లనే" అనేవాడు.

పెద్ద బల్లలు అన్నకే ఇచ్చారు. పండుగ వారమంతా వడ్డించాడు. పండుగ అయిన నాలుగో రోజు పొద్దున గదిలో వాళ్లు లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. సంక్రాంతికి ముందే పెట్టెలో ఇల్లు చేరాడు.

పదకొండో రోజు భోజనాల దగ్గర చిన్నాయన నోరు జారాడు. "సీసాల నడుమ మూడేండ్లున్నోడు ముట్టకుంటడా? కల్లు మండువల కూసున్నోడు పాలు తాగుతడా?" అన్నాడు. చాటుగానే అన్నాడు కానీ అవ్వ చెవిన పడింది. ఏడాదంతా ఆ ముల్లు ఆమెలోనే ఉండిపోయింది.

మొన్న డిసెంబరులో తిథి ప్రకారం సంవత్సరీకం వచ్చింది. నేను కామారెడ్డి బేకరీలో ప్లమ్ కేకు కొని, నోట్‌బుక్కును కూడా సంచిలో వేసుకుని తాడ్వాయి మీదుగా బస్సులో ఎల్లారెడ్డికి వెళ్లాను. వదిన ఇస్తరి పరిచి గరిజెలు పెట్టింది. చిన్నాయన ఒక వైన్ సీసా తెచ్చాడు. పోయినవాళ్లకు ఇష్టమైనది పెట్టాలి కదా అన్నాడు. షాపులో వెనక మూల దుమ్ము పట్టి అదొక్కటే ఉందట.

అవ్వ చేయి అడ్డం పెట్టింది. చిన్నాయన వైపు చూడలేదు, నన్నే చూసింది.

"నీకు ఎరుకే బిడ్డ. నిజం చెప్పు. వాడు తాగిండా?"

నేను నోట్‌బుక్కు తీసి చదవడం మొదలుపెట్టాను. పోర్ట్, కాలిన బెల్లం వాసన. షెర్రీ, వేయించిన బాదం వాసన. మస్కట్ వైన్, నారింజ తొక్క వాసన. పేజీలకు పేజీలు అన్నీ వాసనలే. ఒకచోట ఆగాను. రుచి ఎట్లుంటదని నేను అడిగిన రోజది. అన్న ఏది చెబితే అది రాసేదాన్ని కనుక ఆ జవాబు కూడా రాసి ఉంది. "ఇంటికొచ్చినంక చూసి చెప్త."

అవ్వ ఆ మాట రెండోసారి చదివించుకుంది. తరువాత చేయి తీసేసింది.

"ఇల్లు చేరేదాక అన్నడు. చేరిండు కద. మాట తీరింది. పెట్టుండ్రి."

మూత చిన్నాయనే తీశాడు. నేను సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. అన్న నేర్పిన మాటే, డ్రై. అంటే తీపి లేనిది. కేకు పక్కన, గరిజెల పక్కన ఇది విరిగిపోతుంది. అన్నకు మొదటి గుక్కే అట్లా కావడానికి నాకు మనసొప్పలేదు. పొయ్యి మీద బెల్లం కరిగించి చల్లార్చి, గ్లాసులో కొద్దికొద్దిగా కలిపాను. హోటల్లో ఎవరైనా ఇలా చేస్తే అన్న ఊరుకునేవాడు కాదేమో. ఎంత కలపాలో తెలియదు. పెద్దలకు పెట్టేది ముందు ఎంగిలి చేయకూడదు. గ్లాసు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాను. ఇంకొంచెం కలిపాను. మూడేళ్లు అన్న ఇట్లాగే నిలబడి ఉంటాడు. అది తెలిసేలా చేసినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇస్తరి, గ్లాసు డాబా మీద పెట్టి దూరంగా నిలబడ్డాం.

"తీపి సరిపోయిందా బిడ్డ?" అని అవ్వ అడిగింది.

"తెల్వదవ్వ. అన్ననే చెప్పాలె."

అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని, కాకుల కోసం పైకి చూస్తూ నిలబడింది.