నల్లంచు కార్డులు, కారపు బిస్కెట్లు

అక్షరాన్ని ప్రసాదించిన వాగ్దేవికీ, పచ్చిపిండిని పక్వం చేసే అగ్నిదేవునికీ నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర మాఘ బహుళ అష్టమి నాడు, గుంటూరులో, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసిన తరువాత నాకు రెండు వ్యసనాలు మిగిలాయి. ఒకటి, వంటింట్లో ఓవెన్ పెట్టుకుని బిస్కెట్లు కాల్చడం. రెండవది, పాత అచ్చుకాగితాలు పోగుచేయడం. పత్తి బేళ్ల మీది రంగు చీటీలు, అగ్గిపెట్టె బొమ్మలు, సినిమా కరపత్రాలు, అన్నిటికన్న ఎక్కువగా శుభలేఖలు. వాటితోపాటు నల్లంచు కార్డులు కూడా. పెద్దకర్మకు పిలిచే ఆ కార్డును మా వైపు గుమ్మం బయటే చదివి, చింపి పారవేస్తారు, ఇంట్లోకి రానివ్వరు. అందుచేతనే అవి దొరకడం దుర్లభం. చిత్తుకాగితాల కొట్టులో కనబడితే వదిలేవాడిని కాను. అన్నిటినీ కుటుంబాల వారీగా కాక, అచ్చువేసిన ప్రెస్సుల వారీగా ఆల్బమ్‌లలో అమర్చాను. అచ్చుపని చూడదలచినవాడికి అదే సరైన పద్ధతి. ఇప్పటికీ అదే అంటాను.

చీరాలలో ఉండే నా చెల్లెలికి ఒక్కతే కూతురు. పెళ్లినాడు వధువును బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తేవలసినవాడు మేనమామ. సంతానం లేని నాకు ఆ ఒక్క ముచ్చటే మిగిలింది. మోకాళ్లకు తైలం రాసుకున్నదీ, పొద్దుటే నడక మొదలుపెట్టినదీ ఆ బుట్ట కోసమే.

గత పక్షంలో ఒంగోలు నుంచి పెళ్లివారు వచ్చారు. జాతకాలు ముందే కలిశాయి. చెల్లెలి ఇల్లు మగ్గాలతో ఇరుకు కనుక చూపులు మా ఇంట్లో పెట్టుకున్నాం. వెన్న, మైదా, వాము, మన మిరపకారం కలిపి బిస్కెట్లు నేనే కాల్చాను.

"ఏ బేకరీవి వదినగారూ? కారం భలే కుదిరింది" అన్నది పిల్లవాడి తల్లి.

"బేకరీ ఎక్కడిదండీ, మా అన్నయ్యే. ఇన్నాళ్లూ బడిపిల్లల్ని కాల్చుకుతిన్నాడు, ఇప్పుడు పిండిని" అన్నది చెల్లెలు.

అందరూ నవ్వారు. మాటల్లో నా సేకరణ ప్రస్తావన వచ్చింది. పిల్లవాడి తండ్రి ముచ్చటపడి చూపించమన్నాడు. వారి ఊరి ప్రెస్సు ఆల్బమ్ తెచ్చి ఒడిలో పెట్టాను. నాలుగు పేజీలు తిప్పగానే ఆయన పెళ్లి శుభలేఖే కనబడింది.

"ఇదిగోనే, నన్ను ఇరికించిన కాయితం. మాస్టారూ, దీన్ని ఇంతకాలం తగలెయ్యకుండా ఎట్లా ఉంచారండీ?"

ఆమె నవ్వుతూ ఆల్బమ్ తన వైపు లాక్కుని, మరుసటి పేజీ తిప్పింది. అక్కడ ఉన్నది ఆమె తండ్రి పెద్దకర్మ కార్డు. అదే ప్రెస్సు, అదే అక్షరాలు, చుట్టూ నల్లంచు.

ఆమె దాన్ని చివరిదాకా చదివింది.

"దీన్ని ఎవరూ ఇంట్లో ఉంచరండీ. మీరు మా పెళ్లికార్డు పక్కన అతికించారా?"

ప్రెస్సుల క్రమాన్ని వివరించబోయాను. ఆమె వినలేదు. కొరికిన బిస్కెట్టును పళ్లెంలో తిరిగి పెట్టి, చేతులు దులుపుకుని లేచింది. మరునాడు ఫోను వచ్చింది. జాతకాలు మరొకచోట చూపించారట, కుదరలేదట.

ఆ సాయంత్రమే చెల్లెలు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆ నల్లంచువన్నీ తగలబెట్టు అన్నయ్యా. తగలబెట్టాకే బుట్ట పట్టడానికి రా."

"ఏం తప్పు చేశాయే అవి? ఆ మనుషుల పేర్లు అచ్చులో ఉన్నది వీటి మీదొక్కటే."

"చచ్చినోళ్ల పేర్లు కావాలా, బతికున్న మేనకోడలు కావాలా?"

నేను ఆల్బమ్‌ను తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. ఆమె దాన్నే జవాబుగా తీసుకుని వెళ్లింది. తన కూతురి కంటె కాగితాలు ఎక్కువని నేను తేల్చినట్టు బంధువులందరికీ చెబుతున్నదని తెలిసింది. శాస్త్రం చదివినవాడికి శుభాశుభాలు తెలియవా అని వాళ్లు నవ్వుకుంటున్నారట. నా బిస్కెట్లు తిన్న నోళ్లే అవి.

ఇది తరువాత చేర్చిన మాట: పరాభవ నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి నాడు చీరాలలో నా మేనకోడలి వివాహం వేరొక సంబంధంతో జరిగింది. శుభలేఖ నాకు కొరియర్‌లో వచ్చింది. అంచులకు పసుపు లేదు. బుట్ట పట్టినవాడు చెల్లెలికి వరసకు తమ్ముడయ్యే ఒకాయన. నేను వెళ్లలేదు. కార్డులు ఆల్బమ్‌లలోనే ఉన్నాయి.